నెగెటివ్ మీద పెన్సిల్

ఏం చదువుకున్నారు అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పీయూసీ అంటాను. "తర్వాత?" అంటారు. తర్వాత ఏమీ లేదు. తర్వాతంతా పనే. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక మేడమీది ఫోటో స్టూడియోలో, కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, ఏళ్ళ తరబడి జనం ముఖాల మీది మచ్చలు పెన్సిల్‌తో తీశాను. రంగుల ఫోటోలు వచ్చి ఆ పని మూలపడేదాకా నా బతుకు దాని మీదే నడిచింది. ఆ తర్వాత అదే స్టూడియోలో కెమెరా పట్టుకున్నాను. పీయూసీ అనగానే "అయ్యో" అనేవాళ్ళ మీద ఇదివరకు చాలా కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదని చెప్పను గానీ, కొంచెం తగ్గింది.

ఆ పనిలోకి నేను తగువు పెట్టుకోవడానికి వెళ్ళి చేరాను.

అరవై తొమ్మిది నాటి మాట. మేము అశోక్‌నగర్‌లో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. కర్నూలు నుంచి రాజధాని ఇక్కడికి మారినప్పుడు ఆఫీసు బీరువాలతో పాటు నాన్న వచ్చారు, నాన్నతో పాటు అమ్మా, అయిదేళ్ళ నేనూ వచ్చాం. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఏలూరులో ఉండే మా పెద్దమ్మ "ఇక్కడో సంబంధం ఉంది, అమ్మాయి ఫోటో పంపండి" అని కార్డు రాసింది. అమ్మ తన పట్టుచీర నాకు కట్టి, నారాయణగూడ తీసుకెళ్ళి ఫోటో తీయించింది. నాలుగు రోజులకి ఫోటో చేతికొచ్చింది. అందులో అమ్మాయి చాలా బాగుంది. కొత్తగా సున్నం వేసిన గోడలాగా తెల్లగా, నున్నగా ఉంది. నేనేమో చామనఛాయ. ఎడమ బుగ్గ మీద కందిగింజంత పుట్టుమచ్చ కూడా ఉంది. ఫోటోలో ఆ మచ్చ లేదు. అమ్మ మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు అమ్మకి చెప్పకుండా ఒక్కదాన్నే చిక్కడపల్లి మీదుగా నడుచుకుంటూ వెళ్ళి, ఆ మెట్లెక్కి, ఫోటో తీసి బల్ల మీద పెట్టాను. స్టూడియో యజమానికి యాభై దాటి ఉంటాయి. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు జతల కళ్ళద్దాలుండేవి. ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి. రెండూ పనిచేసేవి కావు.

"ఏమైంది బిడ్డా? ఫోటో మంచిగ రాలేదా?" అన్నాడాయన.

"ఫోటో బాగానే వచ్చిందండీ. నేనే రాలేదు."

ఆయన దగ్గరి అద్దాలు పెట్టుకుని ఫోటో చూశాడు, దూరపు అద్దాలు పెట్టుకుని నన్ను చూశాడు. నేను ఆగలేదు. ఈ పిల్లని చూసి ఒప్పుకుని వాళ్ళు రేపు మా ఇంటికొస్తే, ఈ పిల్లని నేను ఎక్కణ్ణించి తెచ్చి చూపించను అని అడిగాను. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. పడీ పడీ నవ్వాడు.

"మచ్చ తీసినమని కొట్లాటకొచ్చినదాన్ని నిన్నే చూస్తున్న. అందరు తియ్యలేదని వస్తరు. జర లోపలికి రా."

లోపల కిటికీ పక్కన ఒక ఏటవాలు బల్ల. మధ్యలో చతురస్రంగా కోసి మసక గాజు బిగించారు. కింద ఒక అద్దం, కిటికీలోంచి వచ్చిన వెలుతురుని పైకి కొడుతుంది. ఆ గాజు మీద నా నెగెటివ్ పెట్టి భూతద్దం చేతికిచ్చాడు. నా ముఖం నల్లగా, జుట్టు తెల్లగా, దెయ్యంలా ఉంది. ముఖంలో నల్లగా ఉండేవన్నీ నెగెటివ్‌లో వెలుతురు దూరే చిన్న చిన్న కంతలు. మొటిమ గుంట, ముడత, పుట్టుమచ్చ, అన్నీ కంతలే. సన్నటి పెన్సిల్ మొనతో ఆ కంత పూడిస్తే వెలుతురు ఆగిపోతుంది, ఫోటోలో ఆ మచ్చ కనపడదు. పనంతా అంతే. చెప్పడానికి అంతే.

"మా దగ్గర ఈ పని చేసెటోడు గొడవలప్పుడు వాళ్ళ ఊరికి పోయిండు, మళ్ళ రాలే. నేనే దిద్దుతున్న. నా కండ్లు పోయినయ్ బిడ్డా. మచ్చేదో మరకేదో కానొస్తలేదు. కానొచ్చిన కంతనల్లా మూసేస్తున్న. నీ కండ్లు మంచిగున్నట్టున్నయ్. నీ మొఖం నువ్వే దిద్దుకో."

దూదిని టర్పెంటైన్‌లో ముంచి నెగెటివ్ మీద రాశాడు. ఆయన పూడ్చినదంతా చెరిగిపోయి నా పుట్టుమచ్చ మళ్ళీ బయటపడింది. పోయిన మనిషి గుమ్మంలో కనిపించినంత సంబరం వేసింది నాకు. నేనే కూర్చుని, మొటిమల గుంటలు మాత్రం పూడ్చి, మచ్చ ఉంచి, చామనఛాయ చామనఛాయగానే వదిలేశాను. ఆ ఫోటోయే ఏలూరు వెళ్ళింది. సంబంధం కుదర్లేదు. నాకు మాత్రం పని కుదిరింది.

కుదిరిందంటే, ఊరికే కాదు. ఆ ఏడాది ప్రత్యేక రాష్ట్రం గొడవలతో మా ఊళ్ళో కాలేజీలు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. పీయూసీ పరీక్షలు ఇవాళన్నారు, రేపన్నారు. కర్ఫ్యూ లేని రోజు కూడా నాన్న నన్ను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. పుస్తకాలు ఎన్నిసార్లు తిరగేసినా పరీక్ష రాదు. ఇంట్లో నేనూ అమ్మా ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ ఉండేవాళ్ళం. ఆ గొడవలు కొంచెం సద్దుమణిగాక, రోజూ నాలుగు గంటలు స్టూడియోలో పని నేర్చుకుంటానంటే, చివరికి నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నారు. "కాలేజీలు తెరిచేదాకానే. తెరిచిన రోజున బీయేలో చేరుతున్నావు."

నాన్న చెడ్డవారు కాదు. ఆయన బాధ ఆయనది. పెద్దకొడుకు కావడంతో ఇంటరుతో చదువు ఆపేసి గుమాస్తాగా చేరారు. ఆఫీసు ఫైళ్ళలో నోట్లన్నీ ఆయనే రాసేవారు. నిన్నగాక మొన్న బీయే పాసై వచ్చిన కుర్రాడు పై అధికారిగా వచ్చి కూర్చునేవాడు. "పని మనకి ఎంత వచ్చినా ఫైలు మనది, సంతకం వాడిది" అనేవారు అన్నం తింటూ. ఆ మాట నేను చిన్నప్పట్నించీ వందసార్లు విన్నాను. కూతురైనా సంతకం పెట్టే కుర్చీలో కూర్చోవాలని ఆయన కోరిక. అది తెలిసే నేను షరతుకి సరేనన్నాను. ఒప్పుకున్నప్పుడే లోపల ఒప్పుకోలేదు.

స్టూడియో ఆయన్ని మాస్టారూ అనేదాన్ని. ఆయన నేర్పే పద్ధతి ఒకటే, తిట్టడం. పెన్సిల్ మొన గరుకు కాగితం మీద సూదిలా అరగదీయడానికే నెల పట్టింది. గట్టిగా నొక్కితే నెగెటివ్ మీద గీత పడుతుంది, మెల్లగా పెడితే అంటుకోదు. కామాలు పెడుతున్నట్టు చిన్న చిన్న గీతలతో పూడ్చుకుంటూ పోవాలి. ఒక బుగ్గ పూర్తయ్యేసరికి మెడ పట్టేసేది. బల్బు వెలుతురులో దిద్దనిచ్చేవాడు కాదు, పచ్చని వెలుతురు కంటికి అబద్ధం చెబుతుందని. పగలున్నంతసేపే పని.

ఒకాయన స్టూడియోకి వచ్చి నా యాస విని, "పనికి మనోళ్ళు దొరకలేదా అన్నా?" అని మాస్టార్ని నా ముందే అడిగాడు. "మనోళ్ళ కండ్లు నాకున్నయ్ కద. కానొస్తలేవు" అన్నాడు మాస్టారు తల ఎత్తకుండా. ఆ ఏడాది అలాంటి మాటలు బస్సులో, కూరగాయల బండి దగ్గర, అన్ని చోట్లా పడ్డాం. ఆ మేడమీద మాత్రం మాస్టారు పడనివ్వలేదు.

స్టూడియోలో గోడకి ఒక నల్ల గౌను వేలాడేది. అడిక్‌మెట్ దాటితే యూనివర్సిటీ కదా, డిగ్రీ తీసుకున్నవాళ్ళు వచ్చి, ఆ గౌను తొడుక్కుని, చేతిలో కాగితం చుట్ట పట్టుకుని ఫోటో దిగేవాళ్ళు. అందరికీ అదే గౌను, అదే కాగితం చుట్ట. చుట్టలో పాత క్యాలెండరు ఉండేది. గౌను దులపడం, గుండీలు కుట్టడం నా పనే. ఆ పట్టభద్రుల ముక్కుల మీది నల్లమచ్చలు పూడుస్తూ, వీళ్ళు మూడేళ్ళు ఏం చదివారో గానీ ముఖం కడుక్కోవడం మాత్రం నేర్చుకున్నట్టు లేరు అనుకునేదాన్ని. అది అసూయేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఎవరూ లేనప్పుడు ఒకసారి ఆ గౌను తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను కూడా. నా భుజాల మీద నిలవలేదు.

వర్షాకాలంలో ఎప్పుడో పరీక్షలు పెట్టారు. రాశాను, పాసయ్యాను. చలికాలానికి డిగ్రీలో చేర్చుకుంటున్నారని పేపర్లో పడింది. ఆ కబురుతో నాకు తిండి సయించలేదు. మాస్టారికి చెప్పాను, నాకు పోవాలని లేదని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, గూట్లోంచి ఒక కవరు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది ఒక్కదానివి సొంతంగ చెయ్. నేను చెయ్యి పెట్ట. మంచిగొస్తే నువ్వే నా పర్మినెంటు రీటచర్‌వి, మీ నాయనతోని నేనొచ్చి మాట్లాడ్త. రాకపోతే చక్కగ కాలేజీకి పో, నేను ఇంకొకర్ని చూస్కుంట."

కవర్లో అరచేయంత పాత ఫోటో ఉంది. చిక్కడపల్లి మార్కెట్ వెనక ఉండే ఒక పెద్దాయన ఇచ్చి వెళ్ళాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. నిరుడు భార్య పోయింది. ఆవిడకి జన్మంతటికీ ఉన్నది ఆ ఒక్క ఫోటో, ఎవరిదో పెళ్ళిలో తీసింది. ట్రంకుపెట్టె అడుగున ఉండి, వాన నీళ్ళు దిగి, ముఖమంతా నల్లటి చుక్కలు పడ్డాయి. సంవత్సరీకం నాటికి దాన్ని పెద్దది చేసి, మరకలు తీసి, ఫ్రేము కట్టి ఇవ్వాలి.

మాస్టారు ఆ ఫోటోని మళ్ళీ ఫోటో తీసి పెద్ద నెగెటివ్ చేసిచ్చాడు. నేను మూడు రోజులు కూర్చున్నాను. నలభయ్యో యాభయ్యో చుక్కలు. భూతద్దంలో చూస్తే ముఖం కనపడదు, చుక్కలే కనపడతాయి. ఒక్కొక్కటీ ఓపిగ్గా పూడ్చుకుంటూ నుదుటి నుంచి గడ్డం దాకా వచ్చాను. ఎక్కడా గీత పడలేదు. నా చేతిని చూసుకుని నాకే ముచ్చటేసింది. మాస్టారు చీకటి గదిలో ప్రింటు వేసి, కళ్ళకి అంగుళం దూరంలో పట్టుకుని చూసి, "ఎక్కడ దిద్దినవో కానొస్తలేదు బిడ్డా. శభాష్" అన్నాడు. ఆయనకి అసలు ఏం కనపడిందని అప్పుడు అనుకోలేదు. శభాష్ అన్నది చాలు నాకు.

సంవత్సరీకం రేపనగా మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. పొగడ్త వినాలని నేను కూడా పని వదిలి బయటికొచ్చి నిలబడ్డాను. ఆయన ఫ్రేము మీది పేపరు విప్పి, నిలువుగా పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"మంచిగుంది కద సార్?" అన్నాడు మాస్టారు.

"మంచిగుంది. కని బొట్టేది?"

ఆయన ఫ్రేముని మా వైపు తిప్పాడు.

"నేనింక బతికే ఉన్న కద" అన్నాడు. గొంతు పెంచలేదు. నిజంగా సందేహం వచ్చిన మనిషిలా అడిగాడు.

మరకల మధ్యలో, మరకలాగే, నీళ్ళకి కొంచెం చెదిరిన చిన్న బొట్టు. దాన్ని నేనే పూడ్చాను. ముత్తయిదువగా పోయిన మనిషి. రేపు ఆవిడ పేర పది మంది ముత్తయిదువులు వచ్చి ఈ ఫోటో ముందు కూర్చుంటారు. పుట్టిన దగ్గర్నించీ రోజూ పొద్దున్నే బొట్టు పెట్టుకునేదాన్ని, ఒక ఆడమనిషి నుదుటి మీద ఉన్నది బొట్టని నాకు తట్టలేదు. మెట్లు దిగి ఇంటికి పరుగెత్తి, రేప్పొద్దున్నే బీయేలో చేరిపోదామనిపించింది. అక్కడైతే తప్పు రాస్తే మార్కులు పోతాయి, అంతే.

"నాదే తప్పు సార్. నా కండ్లు మంచిగ లేవు..." అని మాస్టారు మొదలుపెట్టాడు. నా మీదికి రాకుండా తన మీద వేసుకుంటున్నాడు. ఊరుకుంటే గడిచిపోయేది.

"కాదండీ. నేనే తీసేశాను. మరకనుకున్నాను" అన్నాను. ఏడుపొచ్చేసింది. చీరకొంగుతో తుడుచుకుని, "చెరిపి మళ్ళీ దిద్దుతాను. వెలుతురు పోయేలోపు అవుతుంది" అన్నాను. అవుతుందో లేదో నాకు తెలియదు. మూడు రోజుల పని అది.

పెద్దాయన జేబులోంచి గడియారం తీసి చూసి, "కూసుంట" అన్నాడు.

టర్పెంటైన్‌తో తుడిస్తే మూడు రోజుల పనీ ఒక్క నిమిషంలో పోయింది. చుక్కలన్నీ మళ్ళీ లేచాయి. బొట్టు ఉన్న చోటు గుర్తుపెట్టుకున్నాను. దాన్ని వదిలేసి మిగతావన్నీ పూడుస్తూ పోతే సరిపోతుందనుకుని, నుదుటి మీద మొదటి చుక్క దగ్గర పెన్సిల్ పెట్టాను. చెయ్యి ఆగిపోయింది. బొట్టు ఒక్కటే ఆవిడదని నాకెవరు చెప్పారు? మిగతా వాటిలో ఆవిడవి ఎన్ని పూడ్చేశానో నాకేం తెలుసు?

బయటికి వెళ్ళి ఆయన్నే పిలిచాను. "తాతగారూ, కొంచెం లోపలికొస్తారా? ఏది మరకో ఏది కాదో నాకు తెలియడం లేదు."

పాత ఫోటో ఆయన చేతిలో పెట్టి, చూపించడానికి ఒక చీపురుపుల్ల ఇచ్చాను. నా పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క చుక్క మీదా పుల్ల పెట్టి చెబుతూ వచ్చాడు. నేను నెగెటివ్‌లో ఆ చోటు వెతుక్కుని, తియ్యమంటే పూడ్చేదాన్ని, ఉంచమంటే దాటేసేదాన్ని.

"ఇది నీళ్ళది. ఇది గూడ నీళ్ళదే. ఆగు, ఇది కాదు. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటిది. ఇవి మూడున్నయ్ చూడు, మూడు ఉంచు. ఇది నూనె చిల్లింది. నా డ్యూటీకి డబ్బల అప్పాలు పెట్టియ్యాలని తెల్లారక ముందే పొయ్యి ముంగట కూసుంది. నిద్రకండ్లతోని మూకుడు ఒంచుకుంది. నేను డ్యూటీకి పోయిన. వారం దినాలకు వచ్చి చూసిన."

ఇలా చెప్పుకుంటూ గడ్డం దాకా వచ్చాం. తను ఊళ్ళు తిరుగుతున్నప్పుడు ఇంట్లో ఏమేం జరిగాయో ఆ మచ్చలు చూసే ఆయన లెక్క చెబుతున్నాడు. కిటికీలో వెలుతురు ఎర్రబడుతోంది. ఇంకో నాలుగైదు చుక్కలున్నాయనగా, కింది పెదవికి కొంచెం కింద ఒక చుక్క మీద పుల్ల ఆగిపోయింది.

"ఇది తీసెయ్యనా తాతగారూ?"

ఆయన అద్దాలు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నాకు తెల్వది" అన్నాడు. "ఉండెనో లేకుండెనో నాకు యాదికొస్తలేదు."

నలభై ఏళ్ళ కాపురం. మనిషి తల దించుకున్నాడు. పనిలో పడి తప్పు మర్చిపోయిన నాకు, ఆ క్షణంలో అది మళ్ళీ గుండెల మీద కూర్చుంది. ఏదో ఒకటి చెయ్యాలి, వెలుతురు పోతోంది. తీసేస్తే ముఖం శుభ్రంగా ఉంటుందండీ అని మెల్లగా అన్నాను.

"వద్దు. ఉంచు. ఆమెది కాకుంటే ఏం పోయింది, ఒక మరక ఎక్కువుంటది. ఆమెదైతే తీసేసినోణ్ణి నేనైత."

ఉంచాను. చివరి చుక్క పూడ్చేసరికి బల్ల కింది అద్దంలో ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. మాస్టారు వెంటనే ప్రింటు వేసి, ఆరబెట్టి, అదే ఫ్రేములో బిగించి ఇచ్చాడు. పెద్దాయన చూశాడు. బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. ఫోటోతోనే మాట్లాడుతున్నట్టు "పోదాం పా" అని, చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మాస్టారు కూడా నన్ను ఏమీ అనలేదు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టకపోవడంతో నా పని అయిపోయిందని అర్థం చేసుకున్నాను. పరీక్ష పెట్టాడు, తప్పాను. ఆ వారమంతా మాటల్లేకుండానే పనిచేశాను. ఇంట్లో జరిగింది చెప్పలేదు. రాత్రి అన్నాల దగ్గర నాన్న "శుక్రవారం ఆఖరి తేదీ" అంటే, నేను "సరే నాన్నా" అన్నాను. అమ్మ నా ముఖంలోకి అనుమానంగా చూసింది, అంత తేలిగ్గా నేను దేనికీ ఒప్పుకోను కనక. బొట్టుకీ మరకకీ తేడా తెలియనిదానికి ఈ పని ఎందుకు, అని లోపల నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

శుక్రవారం నాన్న సగంరోజు సెలవు పెట్టి, సర్టిఫికెట్ల కవరు పట్టుకుని, నన్ను కాలేజీకి తీసుకెళ్ళడానికి పదకొండింటికి స్టూడియోకే వచ్చారు. అంతకుముందెప్పుడూ ఆయన ఆ మెట్లెక్కలేదు. మాస్టారు కుర్చీ వేస్తే కూర్చోకుండా గోడల మీది ఫోటోలు చూస్తూ నిలబడ్డారు. నేను లోపల పెన్సిళ్ళు డబ్బాలో సర్ది, బల్ల తుడిచి బయటికొచ్చేసరికి, గుమ్మంలో రైల్వే పెద్దాయన. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు.

"నాదొక ఫోటో తియ్యాలె" అన్నాడు మాస్టారితో. "గా బిడ్డతోనే దిద్దియ్యాలె."

మాస్టారు నాన్న వైపు ఒకసారి చూసి, "ఆ బిడ్డ ఇయ్యాల్టి సంది కాలేజీకి పోతున్నది సార్" అన్నాడు.

"అట్లనా. మంచిదే" అన్నాడు పెద్దాయన. అని, వెళ్ళకుండా నాన్న కోసం వేసిన కుర్చీలో కూర్చున్నాడు. "మరి నాది ఎట్ల? నేను బతికున్నప్పుడే పక్కన కూసొని చెప్పాలె కద. నేను పోయినంక ఏది మచ్చో, ఏది మరకో చెప్పెటోళ్ళెవరు? నా మొఖం ఎరికున్నామె పోయె."

నాన్నకి ఏమీ అర్థం కాలేదు. "ఏమిటమ్మా ఇదంతా?" అన్నారు. ఇక దాచలేక అక్కడే, ఆ ముగ్గురి ముందే చెప్పాను. "ఈయన భార్య ఫోటోలో బొట్టు చెరిపేశాను నాన్నా. మరకనుకున్నాను."

నాన్న చేతులు జోడించబోయారు.

"చెరిపింది" అన్నాడు పెద్దాయన ఆయన్ని ఆపుతూ. "చెరిపినా అని నోటితోని చెప్పింది. ఏది ఉండాలె, ఏది పోవాలె అని నన్నడిగి మళ్ళ చేసింది. ముప్పయ్యేండ్లు నౌకరి చేసిన సార్, నన్ను అడిగి పని చేసినోళ్ళను చూడలే."

నాన్న గోడ వైపు తిరిగి, ఏ ఫోటోనీ చూడకుండా కొంతసేపు నిలబడ్డారు. ఇన్నేళ్ళూ ఆయన్ని కూడా ఎవరూ అడిగి ఉండరు. తర్వాత కవరు మడిచి జేబులో పెట్టుకుని, "చీకటి పడకముందే ఇంటికొచ్చెయ్" అని మెట్లు దిగారు. చెప్పుల చప్పుడు కింద వీధిలోకి వెళ్ళేదాకా వింటూ నిలబడ్డాను. వెనక్కి రాలేదు.

మాస్టారు ఫోటో తీశాడు. మూడో రోజున పెద్దాయన మళ్ళీ వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన నెగెటివ్ గాజు మీద పెట్టి, పెన్సిల్ తీసుకుని, ఏవేవి ఉంచమంటారు తాతగారూ అని అడిగాను.

"అన్ని ఉంచు బిడ్డా" అన్నాడు. "గీ కాలర్ మీద చాయ్ మరకున్నది చూడు, అదొక్కటి తీసెయ్. ఆమె చూస్తె ఊకోదు."